నూనె వేయని కుర్చీ

నేను ఒక ఆఫీసు కుర్చీని. బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. వెన్ను దగ్గర స్ప్రింగు పుట్టుకతోనే వంకర. ఎవరు కదిలినా కిర్రుమంటాను. తనిఖీ చేసినవాడు విని కూడా బాగుందని చీటీ అంటించాడు. మనుషుల తనిఖీ అంతే.

బీమా ఆఫీసులో క్లెయిములు చూసే భూషణం వాటాకి వచ్చాను. కరోనా వచ్చినప్పుడు ఆఫీసు మూసి, ఉద్యోగులతో పాటు కుర్చీలనూ ఇళ్లకు పంపారు. ఆయన భార్య సుగుణ పక్షవాతంతో మంచంలో ఉంది. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడేది. ఆ మంచం పక్కనే నన్ను వేసుకుని ఆయన పని చేసుకునేవాడు.

"దీనికి కాస్త నూనె వేస్తానే. చెవులు చిల్లులు పడుతున్నాయి."

"వద్దండీ. అది కిర్రుమంటే మీరున్నారని తెలుస్తుంది, నిద్ర పడుతుంది. అయినా మీ గురక కంటే నయమే."

నూనె వేయలేదు. పని మాత్రం ఆఫీసులో కంటే ఎక్కువే చేశాడు.

తర్వాత ఉత్తర్వు వచ్చింది. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎక్కడినుంచైనా పని చేయవచ్చు. వాళ్లు అలిగితే వేరే కంపెనీకి పోతారు. భూషణంలాంటివాళ్లు వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలి. వాళ్లు ఎక్కడికీ పోరు. మేనేజర్ల సంగతి ఉత్తర్వులో లేదు.

భూషణం వీడియోలో మేనేజరు కిరీటిని బతిమాలాడు.

"సార్, ఆమెను చూసుకునే మనిషి లేరు. ఇంటినుంచే చేస్తాను."

"రూలు అందరికీ ఒకటే భూషణం గారూ. ఎదురెదురుగా కూర్చుంటేనే పని నడుస్తుంది."

కిరీటి వెనక కుక్కరు కూత వేసింది.

"మీరు ఇంట్లోనే ఉన్నారా సార్?"

"నా కేసు వేరండీ."

భూషణం వెళ్లాడు. అక్కడ చాలామంది కార్డు స్వైప్ చేసి, టీ తాగి, ఇళ్లకు పోయేవారట. ఈయనకు ఆ ధైర్యం లేదు. ఆ పిరికితనాన్ని నేను క్షమించను.

ఆయన లేని రోజుల్లో సుగుణ ఎడమ చెయ్యి చాచి నన్ను ఊపేది. నేను కిర్రుమనేదాన్ని. ఆమె కళ్లు మూసుకునేది.

ఒక మంగళవారం అలాగే ఊపింది. ఆ చెయ్యి నా మీదే ఉండిపోయింది. మధ్యాహ్నం గంజి తెచ్చిన పక్కింటి ఈశ్వరమ్మ చూసి ఫోను చేసింది. అప్పుడు భూషణం ఆఫీసులో కూర్చుని వీడియోలో మాట్లాడుతున్నాడట. అవతల కిరీటి, తన ఇంట్లో.

పెద్దకర్మ అయ్యాక కిరీటి ఫోను చేశాడు.

"పైవాళ్లతో మాట్లాడానండీ. ఇకనుంచి మీరు పూర్తిగా ఇంటినుంచే చేసుకోవచ్చు."

"ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు సార్?"

నన్ను ఆటోలో వేసి ఆఫీసులో దింపేశాడు. రోజూ వస్తున్నాడు. వేరే కుర్చీలో కూర్చుంటాడు. నా వైపు చూడడు.

నేను వచ్చిన మర్నాడే ఎవడో నా స్ప్రింగుకు నూనె వేశాడు. ఇక్కడ ఇప్పుడు ఏ సీటూ ఎవరిదీ కాదు. రోజుకొకరు కూర్చుని లేస్తారు. నేను చప్పుడు చేయను. ఎవరున్నారో, ఎవరు లేరో, ఎవరికీ వినబడదు.