బుడ్డోడి బదులు గెంతు

పాత వీడియో ఆటను అరచేతి యంత్రంలో పట్టేలా తిరగరాసే పని ఒప్పుకున్ననాడు బావకు ఒక్కటే కోరిక: ఆటలో గెంతు చెడకూడదు. నెత్తిన పాలక్యానుతో బుడ్డోడొకడు గుంటల మీంచి దూకుతూ ఊరంతా పాలు పొయ్యడమే ఆ ఆట. చిన్నప్పుడు టీవీ ముందు కూర్చుని వాణ్ణి గెంతించీ గెంతించీ పెరిగినవాడు బావ. ఇప్పుడు కోడు రాసేది ఆయన, బొమ్మలు గీసేది భార్య, ఇద్దరికీ యజమాని ఆవిడ తమ్ముడు. బావమరిది బావ బతుకు కోరతాడంటారు. ఆ మాట పుట్టించినవాడు బావమరిది దగ్గర జీతానికి చేరి ఉండడు.

మొదట్లోనే తంటా వచ్చింది. టీవీ బొమ్మను అరచేతి తెరలోకి కుదిస్తే బుడ్డోడు ఆవగింజంతయ్యాడు.

"బావా, వీడు మనిషా, తెరమీద వాలిన దోమా?" అంటూ బావమరిది వేలితో తుడవబోయాడు.

సరేనని భార్య బుడ్డోణ్ణి పెద్దవాణ్ణి చేసింది. క్యాను ఆకాశానికి కొట్టుకుని ఖంగుమంది. ఆకాశాన్ని పైకి లేపుదామంటే తెర అయిపోయింది.

"అయితే వాణ్ణి వంచండి," అన్నాడు యజమాని.

వంచారు. నడుం పట్టేసినవాడిలా తయారయ్యాడు. వంగినవాడు గెంతుతాడా? మొదటి గుంటలోనే పడ్డాడు.

"గుంటలు పూడ్చండి."

పూడ్చారు. తట్టలకొద్దీ మట్టి గీసి భార్య చెయ్యి వాచింది. గెంతి తప్పించుకోవలసిన ముళ్లపందులకేమో, 'ముందు తమరు పదండి' అన్నట్టు పక్కకు తప్పుకోవడం నేర్పారు.

బావమరిది కునుకు తీస్తూనే ఆట చివరిదాకా ఆడేశాడు. "హాయిగా ఉంది బావా! ఇక గెంతుతో పనేముంది? తీసేద్దాం."

బావ వాడి చేతిలోంచి యంత్రం లాక్కున్నాడు. "ఒరేయ్, గెంతు తీసేస్తే మిగిలేది పాలు పోసేవాడి నడక. అది మా వీధిలో రోజూ ఊరికే చూస్తున్నాంగా!"

"మరి వంగినవాణ్ణి ఎలా గెంతిస్తావు?"

ఆలోచించేటప్పుడు బావకు చెవి పీక్కునే అలవాటు. చెవి కందిపోయాక ఒకటి తట్టింది. వాడు గెంతలేకపోతే వాడి బదులు మనమే గెంతుదాం! ఆడేవాడు యంత్రం పట్టుకుని గాల్లోకి లేస్తే, ఆ కుదుపు పసిగట్టి యంత్రమే బుడ్డోణ్ణి దూకిస్తుంది. ఎంత ఎత్తు లేస్తే అంత దూరం. వెంటనే కోడు మార్చి, గుంటలు మళ్లీ తవ్వమన్నాడు.

"నన్నే వాటిలో వేసి పూడ్చెయ్యండి," అంది భార్య, తవ్వుతూనే.

బావమరిది పందెం కట్టాడు. "మొదటి గుంట నేను దాటితే గెంతు ఉంటుంది. దాటలేదో, గెంతు లేదు, గింతు లేదు."

బావమరిది సంగతి చెప్పాలి. ఆయన లేస్తే కుర్చీ కూడా వెంట లేచి గుమ్మందాకా సాగనంపేది. అలాంటి మనిషి మేడమీది ఆఫీసు గదిలో, చెక్కనేల మీద నిలబడి గెంతాడు. బీరువా తలుపు తెరుచుకుంది. బుడ్డోడు గుంటలో పడ్డాడు. మళ్లీ గెంతాడు. గోడ గడియారం రాలింది. బుడ్డోడు అవతలి అంచు పట్టుకుని వేలాడి జారిపోయాడు.

కింద గదిలోని దర్జీ కొలబద్దతో పైకప్పును పొడిచాడు. "పైన ఏనుక్కి పెళ్లేంటయ్యా?"

"ఒరేయ్ తమ్ముడూ, ఆపరా! నేల కిర్రుమంటోంది!"

"ఉండక్కా, అంచుదాకా వచ్చాడు!"

బావ మాత్రం ఆపమనలేదు. "మోకాళ్లు ఇంకాస్త వంచరా," అన్నాడు మెల్లిగా.

వంచాడు. లేచాడు. బల్లంత ఎత్తు లేచాడని భార్య, కిటికీ అంతని బావ ఇప్పటికీ వాదించుకుంటారు. దిగడంలో మాత్రం పేచీ లేదు. చెక్కలు ఫెళ్లుమన్నాయి. మనిషి తిన్నగా వెళ్లి దర్జీ గదిలో, కుట్టిపెట్టిన చొక్కాల గుట్టమీద తేలాడు.

ఇద్దరూ కన్నంలోంచి తొంగి చూశారు. దుమ్ములోంచి యంత్రం పట్టుకున్న చెయ్యొకటి పైకి లేచింది.

"దాటాడు బావా! గుంట దాటాడు! గెంతు ఉంచు!"

"నా కప్పు సంగతేంటయ్యా?" దర్జీ మండిపడ్డాడు. "ముందు మెట్లెక్కి పైకి పో!"

బావమరిది కన్నంకేసి చూశాడు.

"మెట్లెందుకు?" అని మోకాళ్లు వంచాడు.