మెయిను స్విచ్చి దగ్గర

సూర్యుడి మీద తుఫాను లేచిందనీ, సాయంత్రానికి దాని దెబ్బ భూమిని తాకుతుందనీ మధ్యాహ్నం నుంచి రేడియోలో చెబుతున్నారు. నేను పాఠాలు చెప్పే బడి ముందుగానే వదిలేశారు. నేను ఇంటికి వచ్చేసరికి అత్తయ్య మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, పక్కన మిషను గురగుర.

బావమరిది ఫోను చేశాడు. ఇళ్లకు సోలారు బిగించడం వాడి పని; మా ఇంటిదీ వాడే బిగించాడు.

"బావా, మిద్దె మీద పలకలకేం కాదు. భయమంతా వీధి లైనుతోనే. మైళ్ల పొడుగు తీగలు కదా, లేనిపోని కరెంటు ఎక్కుతుంది. అది మనింట్లో దూరితే ఇన్వర్టరు మాడి మసైపోతుంది. వీధి కరెంటు పోతే ఎన్నాళ్లకొస్తుందో తెలీదు. ఇన్వర్టరు కూడా లేకపోతే అమ్మ మిషను తిరగదు. పొద్దుగూకేలోపు వీధి లైను విడగొట్టు."

"నువ్వు రాకూడదూ?"

"ఊరంతా నన్నే పిలుస్తోంది. ఏదీ పంతులూ, పాఠం అప్పజెప్పు."

"మెయిను ఆపాలి. నువ్వు బిగించిన తీరుకు దాంతో పాటే ఇన్వర్టరూ ఆగిపోతుంది. మళ్లీ బ్యాటరీ మీద లేపాలి."

"అంతే. ముందు అమ్మ మిషను తీసెయ్..." వాడు తడబడ్డాడు. "అదే, ఆపు బావా."

మా ఇంట్లో ఆ మాట ఎవరమూ అనడం లేదు. ఆస్పత్రిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మిషను తీసేద్దామా అని అడిగాడు. తీసేయండి అన్నాను. నా భార్య గురించి నేను తీసుకున్న చివరి నిర్ణయం అది. అప్పటి నుంచి లైటునూ ఫ్యానునూ కూడా ఆపుతున్నామే గాని తీయడం లేదు.

స్విచ్చి ముందు నిలబడ్డాను. కాసేపు గొట్టం లేకపోయినా అత్తయ్యకు ప్రమాదం లేదని డాక్టరు చెప్పే ఉన్నాడు. అయినా చెయ్యి లేవలేదు. కిటికీలోంచి పడ్డ ఎండ గోడ దిగిపోతోంది.

"ఏమయ్యా, సూర్యుడికి ఒళ్లు కాగితే నీకెందుకు చెమటలు?" అంది అత్తయ్య.

"మిషను ఆగుతుంది అత్తయ్యా."

"ఆగనీ. మళ్లీ తిరుగుతుందిగా."

"తిరక్కపోతే?"

ఆమె నా వంక చూసింది. ఆ రోజు ఆస్పత్రి వరండాలో నా పక్కన నిలబడిందీ ఆమే. నెమ్మదిగా చేతులెత్తి, చెవుల వెనక నుంచి గొట్టం విడిపించి ఒళ్లో పెట్టుకుంది.

"నేనే తీసేశాను. నువ్వు కాదు. ఇక నీ పని కానివ్వు."

మెయిను కిందికి లాగాను. మిషను ఆగింది. ఇంట్లో ఆమె ఊపిరి ఒక్కటే, బరువుగా. వీధి లైను నుంచి ఇన్వర్టరుకు వచ్చే ప్లగ్గు పీకి దూరంగా పెట్టాను. బ్యాటరీ మీట నొక్కాను, లేవలేదు. మళ్లీ నొక్కబోతే వేలు జారింది. గట్టిగా అదిమి పట్టాక పచ్చ దీపం వెలిగింది. మిషను గురగుర మొదలుపెట్టింది.

ఆమె గొట్టం నాకందించింది.

"పెట్టడం మాత్రం నీ వంతు అల్లుడూ."

పెట్టాను. ఎడమ చెవి దగ్గర మెలిపడింది.

"బడిలో పిల్లలకూ ఇంత చక్కగానే నేర్పుతావా?" అంది, ఊపిరి తీసుకుంటూ.

మెలి సరిచేశాను.