గంజి ఎక్కువైన నాప్కిన్లు

నేను హోటల్లో గుడ్డల గదిలో చేరిన మొదటి వారం సంగతి ఇది. అక్కడ వడ్డించేవాళ్ళకి పెద్ద మా బావమరిది. ఓనరు కాళ్ళావేళ్ళా పడి నన్ను పెట్టించాడు. వారం చూస్తాను, నచ్చకపోతే పంపేస్తాను అన్నాడు ఓనరు. మా ఆవిడ అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసింది, ఈయన ఇక ఇంట్లో కూర్చోడని.

ఏడో రోజు ఎనభైమందికి విందు. నాప్కిన్లు పక్షుల్లా మడిచి ప్లేట్లలో నిలబెట్టాలి. ముందురోజు నేను మడిచినవి వాలిపోయాయని మాట పడ్డాను. అందుకని ఈసారి గంజి చిక్కగా కలిపాను. అదీ చాలదేమోనని రెండోసారి ముంచాను. ఇస్త్రీ చేసి మడిస్తే ఒక్కో పక్షీ ఎగిరిపోతుందేమో అన్నట్టు నిలబడింది. ఓనరు చూసి తలూపాడు. నా గుండె కుదుటపడింది.

భోజనాలు మొదలయ్యాయి. ఒకాయన మూతి తుడుచుకుందామని పక్షి రెక్క పట్టుకుని లాగాడు. విడిపోలేదు. రెండు చేతులా లాగాడు. పక్కాయన బల్లకేసి కొట్టాడు. గ్లాసులు అదిరాయి, పక్షి అలాగే ఉంది.

"ఏంటి బావా, అట్టముక్కలు పెట్టావా?" అని మా బావమరిది తలుపు చాటున పళ్ళు కొరికాడు.

"గంజి కాస్త పట్టింది రా."

"కాస్తా? వీటితో గోడ కట్టొచ్చు. నా పరువు తీశావు."

ఇంతలో ఒక పెద్దావిడ, ఎప్పుడో బడిలో పాఠాలు చెప్పినావిడట, పక్షిని పక్కన పెట్టేసి, బల్లమీద గుడ్డ అంచు ఎత్తి నింపాదిగా మూతి తుడుచుకుంది. అందరూ నోరు తెరిచి చూశారు.

"ఏం చూస్తారు? పాతకాలంలో ఒక దేశంలో నాప్ అంటే బల్లగుడ్డ. కిన్ అని తోక తగిలిస్తే చిన్నదని. నాప్కిన్ అంటే బల్లగుడ్డ పిల్లన్నమాట. ఆ పిల్ల పుట్టకముందు జనం తల్లికే తుడుచుకునేవాళ్ళు. కానివ్వండి."

చదువుకున్నావిడ చెప్పింది కదా, ఎనభైమందీ అంచులు అందుకున్నారు. ఒకాయన జోరుగా లాగితే ఎదుటాయన ప్లేటు ఈయన దగ్గరికి వచ్చేసింది. విందు ఇచ్చినాయన కడుపు పట్టుకుని నవ్వాడు.

ఓనరు మాత్రం నవ్వలేదు. అందరూ వెళ్ళాక నన్ను పిలిచాడు.

"పన్నెండు కొత్త బల్లగుడ్డలు. నూనె, బీట్‌రూటు, లిప్‌స్టిక్కు. ముందు ఇవి తెల్లగా చెయ్యి. తర్వాత ఇంటికి పో, మళ్ళీ పనికి రాకు."

"మరకలన్నీ పోయాకేనా అండీ?"

"ఒక్కటి కూడా మిగలకూడదు. అప్పుడే పో."

నేను మొదట్నించీ నిదానస్తుణ్ణి. మిగతా పని చేసుకుంటూ వారానికొక గుడ్డ చొప్పున ఉతికాను. ఆలోపు గంజి పలచగా కలపడం కూడా వచ్చేసింది. పదకొండు గుడ్డలు పాలలా తేలాయి. పన్నెండోదాని మూల బీట్‌రూటు మరక ఒకటుండిపోయింది.

"ఇంకా పోలేదా?" అనేవాడు ఓనరు.

"పోతోందండీ. తొందరపడితే గుడ్డ చిరుగుతుంది."

ఇరవై రెండేళ్ళు అదే జవాబు చెప్పాను. ఆయనకి తెలియక కాదు. ఒకసారి ఎలాంటి మరకైనా వదిలిస్తుందని కొత్తరకం సబ్బు తెప్పించి, నా చేతికిస్తూ మెల్లగా అన్నాడు, "ఆ గుడ్డకి మాత్రం వాడకు."