మీటరున్నర కందులు

మనిషికంటే కందిగింజను ఎక్కువ చేసింది మీరే. రోడ్డు వేసి అంచున మనిషికి జానెడు జాగా వదలని కాంట్రాక్టర్లారా, మీరే. ఖాళీ లారీ దొరికితే చాలు, అది రైలనుకొని తోలే డ్రైవర్లారా, మీరే. చాయ్ తాగుతూ "సైకిలోడే చూసుకోవాలె" అని తీర్పు చెప్పే పెద్దమనుషులారా, మిమ్మల్నీ వదిలేది లేదు. రోడ్డు మీద కందులు ఆరబోస్తే అంత దూరం నుంచే బండి వంచుకొని పోతారు. సైకిల్ మీద మనిషి కనబడితే మాత్రం హారన్ మీద పెట్టిన చేయి తీయరు.

ఈ సంగతి రెబెక్కకు నలభై నాలుగో ఏట తెలిసింది. అంతకుముందు ఆమె సైకిలెక్కలేదు కనుక.

వికారాబాదు నుంచి తాండూరు పోయే దారిలో, ధారూరుకు ఇవతల ఉన్న ఊళ్లో ఆమె అంగన్‌వాడీ టీచరు. పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి, పాటలు నేర్పి, ముక్కులు తుడిచి, తన సంగతి మరిచిపోయిన మనిషి. షుగరు మూడొందలు దాటింది. డాక్టరమ్మ కాగితం చూసి తల కూడా ఎత్తలేదు. "మూడు నెలలు టైమిస్తున్న. రోజూ గంటసేపు చెమట పట్టాలె. తగ్గకపోతే పొద్దుమాపు సూదులే" అంది. నడుద్దామంటే మోకాళ్లు కిర్రుమన్నాయి. హైదరాబాదులో కొలువు చేసే కూతురు సింధుజ, ఎవరో వాడి వదిలేసిన రేసు సైకిలొకటి కొని పంపింది. సన్నని టైర్లు, పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలు. దాంతోపాటు నెత్తికి హెల్మెట్టు, ఒంటికి పచ్చ జాకెట్టు, చేతికి ఒక గడియారం. అది టైమొక్కటే చెప్పదు, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో కూడా చెబుతుంది.

"అమ్మా, రెండొందల ఇరవైలకెల్లి నీ వయసు తీసెయ్. నూట డెబ్బయ్యారు. గుండెను ఆ అంకె దాక పోనియ్యకు. నూట ఇరవై, నూట ముప్పై కాడ ఉంచు. పక్కనున్నోళ్లతోని మాట్లాడుకుంట తొక్కగలిగితే నువ్వు సక్కగ తొక్కుతున్నట్టు" అని ఫోన్లో చెప్పింది సింధుజ.

"నా పక్కన ఎవరుంటరే?"

"పాట పాడుకో."

"పాడితే కుక్కలు ఎంబడి పడతయ్."

హెల్మెట్టు, జాకెట్టు ఇంకా మూటలోనే ఉన్నాయి. సైకిల్ ఒక్కటే చూసి మొగుడు ఇమ్మానుయేలు కడుపు పట్టుకొని నవ్వాడు. అతను తాండూరు బండల లారీ తోలుతాడు. తాండూరులో నాపరాళ్లు ఎత్తుకొని హైదరాబాదులో దింపి, ఖాళీ బండితో తిరిగొస్తాడు. నవ్వు అయిపోయాక ఒక షరతు పెట్టాడు.

"బడి గ్రౌండుల తిరుగు, వద్దన. రోడ్డెక్కినవని తెలిసిందా, గా సైకిల్ని పాతసామాన్లోనికి ఏస్త. రోడ్డు మీద ఎట్లుంటదో నాకు తెల్వదా?"

"సరే అయ్యా" అంది రెబెక్క. గ్రౌండులో నాలుగు రోజులు తిరిగింది. ఐదో రోజు మేకలు అడ్డమొచ్చాయి, ఆరో రోజు క్రికెట్ బంతి వచ్చి వీపు మీద తగిలింది. ఏడో రోజు తెల్లవారగానే రోడ్డెక్కింది. మొగుడికి చెప్పలేదు. అబద్ధమాడలేదు కదా, అడగలేదు కనుక చెప్పలేదు అని దేవుడికి మాత్రం చెప్పుకుంది.

మొదట్లో బలమంతా పెట్టి తొక్కింది. నిమిషానికి నలభై తొక్కులు పడేసరికి మోకాళ్లు ఏడ్చాయి. కూతురేమో ఎనభై పడాలంటుంది. ఆ చిక్కు విప్పింది ఎదురింటి ఫిర్దౌస్. ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్న కాళ్లు ఆమెవి.

"అరె, ఎద్దు లెక్క తొక్కుతున్నవేంది?" అని ఫిర్దౌస్ గుమ్మంలో నిలబడి అరిచింది. "మిషిను గట్ల తొక్కుతే దారం తెగుతది, సూది ఇరుగుతది. గేరు అల్కగ పెట్టుకో. కాలు అల్కగ, జల్ది జల్ది, ఆగకుండ తిప్పు. జాకిటు కుట్టినట్టు తొక్కు, గోనెసంచి కుట్టినట్టు కాదు!"

రెబెక్క తేలిక గేరు వేసి జాకెట్టు కుట్టినట్టే తొక్కింది. ఎనభై వచ్చింది. గడియారం నూట ఇరవై నాలుగు చూపించింది. మోకాళ్లు నోరు మూసుకున్నాయి. నెల తిరిగేసరికి షుగరు రెండొందల పదికి దిగింది. డాక్టరమ్మ ఈసారి తలెత్తి మనిషిని చూసింది.

అన్నీ కుదిరాయి, రోడ్డు ఒక్కటే కుదరలేదు. వెనక హారన్ మోగితే చాలు, రెబెక్క అంచు దిగి కంకరలోకి పోయేది. పెద్దవాళ్లు వస్తే పక్కకు జరగాలని పుట్టినప్పటి నుంచి నేర్చుకున్న ఒళ్లు అది. రెండుసార్లు జారి పడింది. మోచేతికి తగిలిన గాయానికి అంగన్‌వాడీ పొయ్యి మీద నింద వేసింది.

"నువ్వు జరుగుతున్నకొద్ది వాళ్లు జరుపుతనే ఉంటరు" అంది ఫిర్దౌస్, పసుపు అద్దుతూ. "అంచుకు ఒక మీటరు లోపల తొక్కు. గీత గీసినట్టు సీదగ పో. అటుఇటు ఊగకు. నువ్వున్నవని వానికి కనబడాలె."

"కనబడినా ఆగకపోతే?"

ఫిర్దౌస్ ఇంకొంచెం పసుపు అద్దింది.

శనివారం పొద్దున రెబెక్క సీదాగానే పోతోంది. వెనక నుంచి ఖాళీ లారీ ఒకటి గడగడమంటూ వచ్చింది. సరిగ్గా ఆమె చెవి పక్కకు వచ్చాక హారన్ కొట్టి, జానెడు దూరంలో రాసుకుంటూ పోయింది. గాలికి సైకిల్ ఊగింది. రెబెక్క తుమ్మకంప పక్కన పడింది. లేచి చూస్తే లారీ వెనక తలుపు మీద నీలం రంగు పావురం. ఆ పావురాన్ని వేయించింది తనే, పోయిన ధారూరు జాతరకు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం కలుపుతూ ఇమ్మానుయేలు మస్తు ఖుషీగా చెప్పాడు.

"ఈ పొద్దు ఏడు దాటినంక, మన ఊరు దాటంగనే, ఎవడో పట్నపోడు సైకిలేసుకొని పోతుండు. పచ్చ అంగీ, నెత్తి మీద గంప. రోడ్డు వాళ్ల తాతదన్నట్టు నడిమిట్ల పోతుండు. హారన్ ఒక్కటి ఇచ్చిన సూడు, కంపల పడ్డడు!"

రెబెక్క గరిటెతో పప్పు కలుపుతూ లోపల లెక్క వేసుకుంది. అది నేనేనంటే సైకిల్ పాతసామాన్ల కొట్టుకు పోతుంది, దాని వెనకే సూదులు వస్తాయి. అనకపోతే ఈ మనిషి రేపు ఇంకొకరిని కంపలో కాదు, కాటికే పంపుతాడు.

"పాపం, ఎవరి పెనిమిటో" అంది.

"ఎవడైతే ఏంది, అసొంటోళ్లకు గట్లనే బుద్ధి రావాలె. ఇంకొంచెం పప్పు ఎయ్."

వేసింది. అది వేస్తున్నప్పుడే ఆమెకు ఉపాయం తోచింది.

ఆ రోడ్డు పక్కనే జంగప్పకు మూడెకరాల కంది చేను. నూర్చిన కందులు రోడ్డు మీదే ఆరబోస్తాడు, చుట్టూ రాళ్లు పెడతాడు. ఆ కందుల మీదికి ఏ లారీ టైరూ పోదు. పోయిందా, జంగప్ప రోడ్డుకు అడ్డంగా పడుకుంటాడు. ఊరంతా జమవుతుంది. పగిలిన ప్రతి గింజకూ డ్రైవరు జవాబు చెప్పందే బండి కదలదు. అందుకే పావురం లారీ కూడా అక్కడికి రాగానే కొత్తకోడలి లెక్క నడుస్తుంది.

సాయంత్రం రెబెక్క జంగప్ప దగ్గర కూలబడింది. "ఏం మామా, ఇంత మందంగ పోసినవ్? కింది గింజకు ఎండ తాకుతదా? పురుగు పడతది. పలుచగ పొయ్యాలె, పొడుగ్గ పొయ్యాలె."

"పొడుగ్గ అంటే ఎంత పొడుగు బిడ్డా?"

"గా నీళ్లు పోయే మోరీ కాడికెల్లి గీ మలుపు దాక. అంచుకు మీటరున్నర జాగ ఇడిసిపెట్టి పొయ్యి. గింజలు తిరగేస్తందుకు మనిషి నడవాలె గద? నేను, ఫిర్దౌసు వచ్చి పోసిపోతం."

"పుణ్యముంటది" అన్నాడు జంగప్ప. పుణ్యం ఎవరికో అడగలేదు.

"రాళ్లు మాత్రం పెట్టకు మామా. పొద్దుమూకినంక బండ్లోళ్లు తగిలి సస్తరు. చీకటి కాకముందే గింజలు ఎత్తెయ్యి."

సోమవారం పొద్దెక్కాక ముగ్గురూ కలిసి పోశారు. ఒక గోనెసంచి కందులు అర కిలోమీటరు పారాయి. ఎర్రటి పట్టీలా సన్నంగా, గాలి వస్తే ఎగిరిపోయేంత పలుచగా. దానికీ రోడ్డు అంచుకూ మధ్య మీటరున్నర దారి మిగిలింది. రెబెక్క హెల్మెట్టు బిగించుకొని అందులోకి దిగింది. బస్సొచ్చింది, వంగి పోయింది. సిమెంటు ట్యాంకరొచ్చింది, అది రోడ్డు అవతలి అంచు దాకా జరిగింది. కారులో వచ్చిన దొర ఒకడు బ్రేకు వేసి, కందులకు దండం పెట్టినంత పని చేసి పోయాడు. ఒక్క హారన్ లేదు. గడియారంలో నూట ఇరవై ఒకటి.

"పాట పాడు!" అని చేనులో నుంచి ఫిర్దౌస్ అరిచింది.

రెబెక్క నిజంగానే పాడింది. అప్పుడే పావురం లారీ వచ్చింది.

ఇమ్మానుయేలు కందుల్ని చూసి గేరు తగ్గించాడు. పక్కకు వంచాడు. మెల్లగా పోతున్నాడు కనుక ఈసారి మనిషిని చూసే తీరిక దొరికింది. పచ్చ అంగీ. నెత్తి మీద గంప. గొంతు మాత్రం ఎక్కడో విన్న గొంతు. చర్చిలో, వంటింట్లో, ఇరవై మూడేళ్లుగా.

బండి ఆపి దూకాడు. "ఏయ్ రెబెక్కా! నీకు దిమాక్ ఖరాబయిందా? రోడ్డెక్కొద్దని చెప్తి గద! లారీలు గుద్దుతయే!"

"ఏ లారీ?" అంది రెబెక్క, సైకిల్ దిగకుండా.

"ఏదో లారీ!"

"పావురమున్నదా?"

ఇమ్మానుయేలు వెనక్కి తిరిగి తన లారీ వైపు చూశాడు. ఆమె ఫోన్ తీసి శనివారం గీతను చూపించింది. గడియారం గీసిన గీత అది, చెరువు నీళ్లలా సాఫీగా సాగి, ఒక్కచోట తాటిచెట్టులా లేచింది.

"ఏడు గంటల పన్నెండు నిమిషాలు. నూట డెబ్బయ్ మూడు. గప్పుడు నేను తొక్కుతలేను, కంపల పడి ఉన్న. పప్పు ఇంకొంచెం ఎయ్యమంటివి గద?"

"నువ్వని నాకు తెల్వదు గదనే..."

"నేను కాకపోతే పడెయ్యొచ్చా?"

అతను తల దించుకున్నాడు. దించితే కాళ్ల కింద కందులు కనబడ్డాయి. సరిగ్గా అప్పుడే వాటిని జంగప్ప కూడా చూశాడు.

"ఓ ఇమ్మానుయేలూ! పెండ్లాంతోని పంచాయితి తర్వాత పెట్టుకో! ముందు గింజల మీదికెల్లి కాలు తియ్యి! ఎన్ని పగులగొట్టినవో సూడు!"

ఫిర్దౌస్ గట్టు మీద కూర్చొని నవ్వు ఆపుకోలేక దగ్గింది.

"సైకిల్ అమ్మొద్దంటవా?" అన్నాడు ఇమ్మానుయేలు చివరికి.

"అమ్ముకో. ముందు మోరీ దాటి, కందులు లేనికాడ, ఒక్కసారి తొక్కిరా. గడియారం కట్టుకొని పో."

అంత పెద్ద డ్రైవరు ఆడవాళ్ల ముందు కాదంటాడా? హెల్మెట్టు పెట్టుకొని ఎక్కాడు. గోనెసంచి కుట్టినట్టు తొక్కాడు. మోరీ దాటి రెండొందల గజాలు పోయాడో లేదో, వెనక నుంచి అతని దోస్తు బాల్‌రాజ్ ఖాళీ లారీ వచ్చింది. చెవి పక్కన హారన్ కొట్టి రాసుకుంటూ పోయింది. బాల్‌రాజ్ కిటికీలో నుంచి ఏదో బూతు కూడా పారేశాడు.

ఇమ్మానుయేలు సైకిల్ని నడిపించుకుంటూ తిరిగొచ్చాడు. గట్టు మీద కూర్చున్నాడు. గడియారంలో నూట అరవై ఎనిమిది. ఐదు నిమిషాలైనా వంద కిందికి దిగలేదు.

"వాడు నన్ను సూడనే లేదు" అన్నాడు. "మనిషి అనుకోలే."

ఫిర్దౌస్ నీళ్ల సీసా అందించింది.

జంగప్ప గింజ ఒకటి నోట్లో వేసుకొని కొరికి చూశాడు. "ఆరినయ్ బిడ్డా. ఎల్లుండి మూటగడ్త. ఇగ నువ్వెట్ల పోతవ్?"

"ఇగ నేను జరిగే పోత" అన్నాడు ఇమ్మానుయేలు. "దూరంకెల్లి జరిగి పోత. ఒట్టు."

"నువ్వొక్కనివి జరిగితే నేను బతుకుతనా?" రెబెక్క అతని జేబులోంచి ఫోన్ లాగింది. బండల లారీ డ్రైవర్ల గ్రూపు తెరిచింది. రెండొందల పన్నెండు మంది ఉన్నారు. మైకు గుర్తు మీద వేలు పెట్టి నొక్కింది. ఇమ్మానుయేలు వద్దనలేదు.

"అన్నలారా, తమ్ముళ్లారా, నేను ఇమ్మానుయేలు పెండ్లాం రెబెక్కను. బాల్‌రాజూ, నువ్వు ఇప్పుడు తిట్టింది మీ ఇమ్మానుయేలు అన్ననే, జర యాదుంచుకో. అందరు ఇనుండ్రి. సైకిల్ కనబడితే మీటరున్నర జరుగుండ్రి. ఎదురుంగ బండి వస్తుంటే ఎనక ఆగుండ్రి, సచ్చిపోరు. హారన్ దూరంకెల్లి ఒక్కసారి కొట్టుండ్రి, చెవుల కొట్టకుండ్రి. మలుపుల మీద దాటకుండ్రి. ఇది ఈ పొద్దుకెల్లే. రోడ్డంచుకు తెల్లగీత గియ్యాలె, అవతల మనిషికి జాగ ఇడవాలె, గది సర్కారు పని. వచ్చే సోమవారం పది గంటలకు రోడ్ల ఆఫీసు ముందు నిలబడి దరఖాస్తు ఇస్తున్న. మీ సంతకాలు గావాలె. బండ్లు పక్కకు పెట్టి రాండ్రి. ఇంట్ల సైకిలుంటే దాని మీద రాండ్రి!"