నీలమని దిద్దిన ముక్క

ఆసుపత్రి పరీక్షగదిలో ఆ యంత్రాన్ని అందరూ చిలక అనేవారు, నేర్పినంతే పలుకుతుందని. కిడ్నీ నుంచి సూదితో తీసిన సన్నటి ముక్కను దాని కింద పెడితే, కంటికి కనపడని కాంతిని ముక్క గుండా పంపి, ఎక్కడ ఎంత కాంతి ఆగిపోయిందో లెక్కగట్టి, తెర మీద రంగులు వేసేది. బాగున్నచోట నీలం, జబ్బు మొదలైనచోట పసుపు. అయితే ఏ గుర్తు దేనిదో మొదట మనిషే చెప్పాలి. ఆ మనిషి డాక్టరమ్మ. మైక్రోస్కోపుకు కళ్లప్పగించి తల నెరిసిన మనిషి, ఆ గదిలో ఆమె మాటకు తిరుగులేదు.

సొంతవాళ్ల ముక్క వస్తే ఇంకొకరికి అప్పగించాలన్నది అక్కడి కట్టుబాటు. తన తమ్ముడికి కిడ్నీ ఇస్తానని తన అక్కే ముందుకొచ్చినప్పుడు డాక్టరమ్మ ఆ కట్టుబాటును పక్కన పెట్టి, అక్క ముక్క తనే చూసింది. మైక్రోస్కోపులో శుభ్రంగా ఉంది. చిలక మాత్రం అక్కడక్కడా పసుపు చల్లింది.

"ఒకసారి బయటివాళ్లకి చూపిద్దామా మేడమ్?" అన్నాడు చిలకను నడిపే కంప్యూటరు ఇంజినీరు.

"ఎందుకయ్యా? అది మా అక్కది. రాళ్లు తిని అరిగించుకునే మనిషి. నీ చిలకకి ఇంకా మాటలే సరిగ్గా రాలేదు."

నవ్వుతూనే పసుపున్న చోటల్లా నీలమని దిద్దింది. నిజానికి ఆమెది భయం. తమ్ముడు దక్కడేమోనన్న భయం ముందు నాలుగు పసుపు చుక్కలు ఏపాటి? ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలకుండా పోతుందా?

ఆపరేషన్ అయింది. తమ్ముడు లేచి తిరిగాడు. చిలక కూడా చదువు ముగించుకుని ఊరందరి ముక్కలూ చూడసాగింది.

కొన్నాళ్లకి అక్క కాళ్లు వాచాయి. మిగిలిన ఒక్క కిడ్నీ నుంచి తీసిన ముక్క తెర మీద నిండు నీలంగా వచ్చింది. డాక్టరమ్మ ప్రాణం కుదుటపడింది. ఎందుకైనా మంచిదని మైక్రోస్కోపులో పెట్టి చూసింది. జబ్బు ముక్కంతా అల్లుకుపోయి ఉంది.

"అప్పుడు మీరు నీలమని దిద్దిన గుర్తే మేడమ్ ఇది, చిలక అలాగే నేర్చుకుంది," అన్నాడు ఇంజినీరు తల దించుకుని. "ఇలాంటివి ఎంతమందికి బాగుందని చెప్పి పంపించామో వెతకాలి."

ఈ కిడ్నీకి జోడైనది తమ్ముడి కడుపులో ఉంది.

వార్డుకి వెళ్లేసరికి అక్క మంచం మీద కూర్చుని దువ్వెనలో చిక్కుకున్న జుట్టు తీస్తోంది.

"నీ మొహం చూస్తేనే తెలుస్తోందిలే," అంది అక్క. "నాది పోతే పోయింది. తమ్ముడికిచ్చింది మంచిదేగా? నువ్వు చూశాకే కదా ఇచ్చాను."

"చూశానక్కా," అంది చెల్లెలు.