బుజ్జమ్మ ముక్కు

కడియం చుట్టుపక్కల నర్సరీల్లో బుజ్జమ్మ కట్టే అంటుకి ఎంత పేరుందో, ఆమె ముక్కుకి అంతకు రెండింతలు పేరుంది. మామిడాకు ఒకటి తుంచి, రెండు వేళ్ళ మధ్య నలిపి, ఒక్కసారి వాసన చూసిందంటే అది బంగినపల్లో, సువర్ణరేఖో, కొత్తపల్లి కొబ్బరో చెప్పేసేది. ఆమె చెప్పాక ఇంక రెండో మాట ఉండేది కాదు. నర్సరీ యజమాని చంద్రరావు గారు కొత్తగా వచ్చిన రైతులకి మొక్కల కంటే ముందు ఆమెనే చూపించేవారు. "మా బుజ్జమ్మ చెప్పిందంటే, అయిదేళ్ళ తర్వాత చెట్టు కూడా కాయ కాసి మరీ ఒప్పుకుంటుందండి" అనేవారు. బుజ్జమ్మ సిగ్గుపడ్డట్టు కొంగుతో మూతి తుడుచుకునేది గానీ, ఆ మాట రోజుకి నాలుగుసార్లు విన్నా ఆమెకి విసుగనిపించేది కాదు. ఎవరికి మాత్రం అనిపిస్తుంది?

అలాంటి ముక్కు కాస్తా పోయింది. కిందటేడు చలికాలంలో పది రోజులు జ్వరం పట్టుకుంది. ఆ జ్వరం పోతూ పోతూ వాసన కూడా తనతో పట్టుకుపోయింది. పోపు మాడి ఇల్లంతా పొగ కమ్మినా, పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టేదాకా బుజ్జమ్మకి తెలియలేదు. రాజమండ్రిలో డాక్టరుకి చూపించుకుంటే, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఏడాదిన్నర అయింది. రాలేదు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా ఒకే గోనెపట్టా మీద పక్కపక్కన కూర్చుని అంట్లు కడుతున్న పాపాయికి కూడా చెప్పలేదు. మిగిలిన ఆడవాళ్ళకి రోజుకి ఎన్ని అంట్లు కడితే అంత కూలి. బుజ్జమ్మ ఒక్కర్తికే నెల జీతం. అది చేతులకిచ్చేది కాదు, చేతులు అందరికీ ఉన్నాయి. యాభై ఆరేళ్ళ మనిషి ఇప్పుడు పాతికేళ్ళ పిల్లలతో పోటీపడి అంట్లు కట్టి బతకాలంటే అయ్యే పనేనా? అందుకని నాటకం మొదలుపెట్టింది. ఆ నర్సరీలో ఏ మడి ఎవరు కట్టిందో, ఏ చెట్టు పుల్ల తెచ్చి కట్టిందో ఆమెకి నోటికి వచ్చు. ఎవరైనా అడిగితే ఆకు నలిపేది, ముక్కు దగ్గర పెట్టుకునేది, ఒక క్షణం కళ్ళు మూసుకునేది, మడి గుర్తుచేసుకుని పేరు చెప్పేది. ఒక్కసారి కూడా తప్పలేదు. మెల్లిగా ఆమెకే అది నాటకమన్న సంగతి మరుపొచ్చింది.

ఇంతలో చంద్రరావు గారికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. హైదరాబాదులో ఎనిమిదేళ్ళు సూపర్ మార్కెట్లు నడిపించిన కూతురు పావని వచ్చి నర్సరీ చేతిలోకి తీసుకుంది. మంచి పిల్ల. వచ్చిన నెలలోనే ఆడవాళ్ళకి బాత్‌రూములు కట్టించింది, అంట్లు కట్టేచోట ఎండ తగలకుండా పైన నెట్ వేయించింది. ఆ తర్వాత మడుల మీద పడింది. ఎవరి మడి వాళ్ళదిగా ఉంటే లారీ లోడింగ్‌కి పూట పడుతోందనీ, రెండడుగుల మొక్కలన్నీ ఒకచోట, మూడడుగులవన్నీ ఒకచోట పెడితే గంటలో తేలిపోతుందనీ అంది. ఏ రకం ఏదో తెలియడానికి ప్రతి కవరుకీ స్టిక్కరు అంటిద్దామంది. అందులో వంక పెట్టడానికేమీ లేదు. లోడింగ్ ఆలస్యమై మొక్కలు వాడిపోవడం అక్కడ అందరూ చూసిందే.

మడులు మార్చే రోజున పావనే ఒక అనుమానం లేవదీసింది.

"స్టిక్కర్లు ఊడిపోయి రకాలు కలిసిపోతే ఏంటి?"

లోడింగ్ మేస్త్రీ ఆశీర్వాదం పెద్దగా నవ్వాడు. "బుజ్జమ్మగారి ముక్కుండగా కలిసిపోటవేంటండీ అమ్మాయిగారూ! ఏరి పారేయరూ!"

అందరూ నవ్వారు. బుజ్జమ్మ కూడా నవ్వింది. నిజానికి అప్పుడే నోరు విప్పాల్సింది. 'మడులు కలపకండమ్మా, నా ముక్కు పోయింది' అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో పాపాయి భుజం తట్టి ఏదో హాస్యమాడింది, ఆ నవ్వుల్లో మాట కడుపులోకి వెళ్ళిపోయింది. ఆషాఢంలో పడ్డ మొదటి పెద్దవానకి స్టిక్కర్లు ఊడి కాలవలో తేలాయి. దానికి ఎవరూ కంగారుపడలేదు.

ఆ వాన వెలిసిన నాలుగో రోజున పెద్దాపురం అవతల మెట్ట ఊరి నుంచి సత్తియ్య అనే రైతు వ్యాన్ కట్టించుకుని వచ్చాడు. మూడు వందల బంగినపల్లి అంట్లు ఎప్పుడో చెప్పి ఉంచాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచగా, మాట నెమ్మది. పావని ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోమన్నా కూర్చోలేదు.

"మొదట ఒకసారి వేశానండి. మోటారు సైకిలు మీద ఊళ్ళోకొచ్చినోడి దగ్గర కొన్నాను. అన్నీ బంగినపల్లే అన్నాడు. బోరు లేదు మాకు. కావిడేసుకుని నీళ్ళు మోసి అయిదేళ్ళు పెంచానండి. తీరా కాపొచ్చాక చూస్తే వట్టి పీచు, పులుపు. తోట కొనేవాళ్ళు గట్టు దాకా వచ్చి వెనక్కెళ్ళిపోయారు. ఆ చెట్లన్నీ నా చేత్తో నేనే నరికానండి" అన్నాడు. "మీ దగ్గర ఆకు వాసన చూసి ఇస్తారని చెప్తే ఇంత దూరం వచ్చాను. ఇంకోసారి తప్పు చేసే వయసు లేదండి నాకు."

"మీకేం భయం లేదండి, బుజ్జమ్మగారు ఏరి ఇస్తారు" అని పావని పంపించింది.

రెండడుగుల మొక్కల మడి దగ్గర బుజ్జమ్మ నిలబడింది. బంగినపల్లి, కొత్తపల్లి కొబ్బరి, రెండూ కలిసిపోయి ఉన్నాయి. చిగురేసి ఉంటే ఆ రంగు చూసి పోల్చేది. ఒక్కదానికీ చిగురు లేదు, అన్నీ ముదురాకు మీదున్నాయి. ఆకు తుంచింది. నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మంచినీళ్ళు వాసన చూసినట్టుంది. ఇప్పుడు గుర్తుచేసుకోవడానికి మడి కూడా లేదు.

"ఇది ఎక్కించు" అంది.

ఆకు కొనలు చూసి, కాండం చూసి, గుడ్డిగా ఊహించి ఒక్కోటీ పక్కన పెట్టింది. కొన్ని కావంది, కొన్ని అవునంది. ఆశీర్వాదం మనుషులు ఉన్నా, సత్తియ్య వాళ్ళని ముట్టుకోనివ్వకుండా ఒక్కో కవరూ అడుగున రెండు చేతులూ పెట్టి తనే మోసుకెళ్ళి వ్యాన్‌లో పెట్టుకున్నాడు. అలా అరవై దాకా ఎక్కాయి. బుజ్జమ్మ అతని వైపు చూడకుండా పని చేసింది. చూస్తే చెయ్యలేనని ఆమెకి తెలుసు.

అరవయ్యో మొక్క పెట్టి వచ్చాక సత్తియ్య ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఏవండీ, ఆ వాసనెలాగుంటదండి? ఒకసారి నేను కూడా చూడొచ్చా?"

బుజ్జమ్మ తన చేతిలో నలిగిన ఆకు అతనికిచ్చింది. అతను కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. అతని మొహం వెలిగింది.

"చాలా బావుందండి. ఇది మన బంగినపల్లేనా?"

అవును అంటే సరిపోతుంది. ఏడాదిన్నరగా ఎన్ని వందలసార్లు అందో ఆ మాట. ఆకు వాసన తగిలిన మనిషి ఎదురుగా ఉన్నాడు, తగలని తను అతనికి చెప్పాలి. బుజ్జమ్మకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయిదేళ్ళు నీళ్ళు మోసి, గొడ్డలి పట్టుకుని తోటలోకి వెళ్ళిన మనిషి ఎలా నడిచి ఉంటాడో ఆమెకి కనబడింది.

"నాకు తెలీదు నాయనా" అంది.

సత్తియ్యకి అర్థం కాలేదు. "అంటే?"

"నాకు వాసన తెలవదు. ఏడాదిన్నరయింది పోయి. ఆ అరవై కూడా నోటికొచ్చినట్టు చెప్పాను. దింపెయ్యి."

అంట్లు కట్టే ఆడవాళ్ళందరి చేతుల్లో కత్తులు ఆగిపోయాయి. ఎవరో పరిగెత్తుకెళ్ళి చెబితే పావని వచ్చింది. విషయం విని మొహం ఎర్రబడింది.

"మడులు మార్చిన రోజున ఎందుకు చెప్పలేదండీ? నేను అడిగాను కదా, కలిసిపోతే ఏంటని! అందరిముందూ అడిగాను!"

"భయవేసిందమ్మా."

"నేనంటేనా?"

"మీరంటే కాదమ్మా. ముక్కు లేదని తెలిస్తే ఇంక ఇక్కడ నేనెందుకూ? నన్నెవరు ఉంచుకుంటారు?" బుజ్జమ్మకి ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు. "మీ నాన్నగారు నన్ను చూపించి అమ్మినవన్నీ తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోందమ్మా. మడులు విడిగా ఉన్నన్నాళ్ళూ ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. ఆయన మీద ఒట్టు. ఇప్పుడు మట్టుకు చెప్పలేను."

పావని వంగి రెండు మొక్కల నుంచి రెండు ఆకులు తుంచి నలిపి వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆమెకి రెండూ మామిడాకులే. పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా చూశారు, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదన్నారు. ఇన్నాళ్ళూ బుజ్జమ్మ ఉంది కదా అని ఎవరూ ఆ విద్య నేర్చుకోలేదు.

"కళ్ళున్నాయి నాకు" అంది బుజ్జమ్మ కొంగుతో మొహం తుడుచుకుని. "ఎరువేసి నలభై రోజులు ఆగితే ఇవన్నీ చిగురేస్తాయి. చిగురు చూసి ఏది ఏదో చెప్తాను. అందులో తప్పు రాదు. ఈలోగా ఎవరొచ్చినా ఈ మడి ముట్టుకోనివ్వకండి."

అందరూ సత్తియ్య వైపు చూశారు. అతను వ్యాన్ వెనక తలుపు మీద కూర్చుని తలవంచుకుని ఆలోచించాడు. గోతులు తవ్వించి ఉన్నాయి. నేల పదునుగా ఉంది. నలభై రోజులు ఆగితే వానలు తగ్గిపోతాయి, మొక్క వేరు తన్నేలోపు చలికాలం వచ్చేస్తుంది. పావని ఇంకో నర్సరీ పేరు చెప్పి, అక్కడ తనే మాట్లాడి ఇప్పిస్తానంది. అతను తల అడ్డంగా ఊపాడు.

"అక్కడేమంటారండి, అన్నీ బంగినపల్లే అంటారు" అన్నాడు. లేచి వ్యాన్ ఎక్కి మొదటి మొక్క కిందికి అందించాడు. "ఆగుతానండి. భాద్రపదంలో పెడితే చలికాలమంతా నీళ్ళు మొయ్యాలి. మోస్తాను. మొయ్యటం నాకు అలవాటే. మళ్ళీ నరకటం మాత్రం నా వల్ల కాదండి."

అరవై మొక్కలూ దింపి, చిగురు రాగానే ఫోన్ చెయ్యమని బుజ్జమ్మకే నంబరు రాసిచ్చి, అతను ఖాళీ వ్యాన్‌తో వెళ్ళిపోయాడు. కోప్పడి వెళ్ళినా ఆమె తట్టుకునేది. పోతూ పోతూ దణ్ణం పెట్టాడు.

బుజ్జమ్మ తన చోటికి వెళ్ళి అంటుకత్తి మడిచింది. గోనెపట్టా చుట్టబోతుంటే పావని వచ్చి ఎదురుగా మట్టి బస్తా మీద కూలబడింది. మొహంలో కోపం ఇంకా పోలేదు, కానీ ఏదో లెక్క తప్పినట్టు చూస్తోంది.

"ఎక్కడికండీ వెళ్ళిపోతున్నారు? చిగురెవరు చూస్తారు?" అంది. తర్వాత మిగిలిన ఆడవాళ్ళ వైపు తిరిగింది. "నేను వచ్చి ఏడు నెలలైంది. మొక్క ఎత్తు కొలిచాను, కవరు కొలిచాను. మీలో ఒక్కరినీ ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. ఇంకెవరికైనా ఏదైనా ఉందా? ఎవరి పనీ పోదు. నాకు తెలియాలి, అంతే."

పాపాయి చేతిలో కత్తి కింద పెట్టింది.

"నాకు కళ్ళు ఆనట్లేదండి, అమ్మాయిగారూ. రెండేళ్ళయింది. కోత సరిగ్గా కుదిరిందో లేదో కనబడదు. వేలితో తడిమి కట్టేస్తున్నాను."

బుజ్జమ్మ చటుక్కున తిరిగి చూసింది.

"నాకు చెప్పలేదేంటే?"

"నువ్వు చెప్పావేంటి?" అంది పాపాయి.

అప్పటిదాకా దూరంగా నిలబడ్డ ఆశీర్వాదం తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, "నాదొకటుందండి" అంటూ ముందుకొచ్చాడు.