వంటింటి కిటికీలో ఆరు డిగ్రీలు

కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి భానుశ్రీ హాస్టల్‌కి పైకప్పు వేసేసింది. భోజనాల బల్ల మీద ఒక పక్క లాప్‌టాప్, ఇంకో పక్క సగం ఒలిచిన చిక్కుడుకాయలు. స్టవ్ కట్టేసి వచ్చి మళ్లీ కూర్చుంది.

"కొత్తది గీస్తూ కూర్చోకు భానూ," అన్నాడు దేవీప్రసాద్, బూట్ల లేసులు కట్టుకుంటూ. "రెండేళ్ల కిందటి హాస్టల్ మోడలే కాపీ చేసి ఊరి పేరు మార్చు. సాయంత్రానికి పంపాలి. వచ్చే వారం పునాదులు తీస్తున్నారు. కూర్చుని చేసే పనేగా."

అతను ఆర్కిటెక్టు. ఆమె కూడా ఆర్కిటెక్టే. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే బ్యాచ్. అరకులో అద్దెకు తీసుకున్న ఈ ఇంటి ముందు గదిలో ఆఫీసు, గుమ్మం పక్కన బోర్డు, బోర్డు మీద ఒక్క పేరు. సైటుకి అతను వెళతాడు. ఎనర్జీ మోడళ్లు ఆమె చేస్తుంది. కట్టబోయే భవనాన్ని ముందు కంప్యూటర్లో కట్టాలి. గోడ దేనితో, కిటికీ ఎంత, ఏ గదిలో ఎందరు, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, అన్నీ చెప్పాలి. చివర ఆ ఊరి ఏడాది వాతావరణం ఉన్న ఫైల్ తగిలించి మీట నొక్కితే, ఏ నెలలో ఏ గది ఎంత ఉడుకుతుందో, ఎంత వణికిస్తుందో లెక్క కట్టి చూపిస్తుంది. ఊరి ఫైల్ తప్పయితే మిగతాదంతా ఎంత సరిగ్గా చేసినా తప్పే.

రెండేళ్ల కిందట మొదటి హాస్టల్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్లో అరకు లేదు. విశాఖపట్నం ఉంది. కొండ కింద సముద్రం పక్కన ఉన్న ఊరి ఎండ తెచ్చి కొండ మీద పెట్టకూడదని ఆమెకు తెలుసు. తెలియకపోవడమేం, ఆమె ఉంటున్నదే అరకులో. పైగా ఆమె దగ్గర నోట్‌బుక్ ఉంది. రోజూ తెల్లవారి అయిదింటికి లేచి ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్లు కాస్తుంది. అవి మరిగే పావుగంటలో ఎవరూ ఆమెను పిలవరు. ఆ పావుగంటలో కిటికీకి వేలాడదీసిన థర్మామీటర్ చూసి అంకె రాసుకునేది. సాయంత్రం టీ పెట్టేటప్పుడు ఇంకో అంకె. డిసెంబరు పేజీలో ఆరు, ఏడు, ఆరు, అయిదు. విశాఖ ఫైల్లో ఏడాది మొత్తానికీ పదహారుకు తగ్గిన రోజు లేదు.

ఆ నోట్‌బుక్ చూపిస్తే దేవీప్రసాద్ నవ్వాడు. "వంటింట్లో రాసుకున్న పుస్తకం పట్టుకెళ్లి హాస్టల్ కట్టించే ఇంజనీరుగారికి చూపించమంటావా?" అన్నాడు. ఆ రోజే బొర్రా గుహలు చూద్దామని అత్తగారి తరఫు వాళ్లు పదకొండు మంది దిగారు. "గుంటా, ఆ బొమ్మలు తరవాత గీసుకుందువు గాని, బేగి రా. పిల్లలు ఆకలంతన్నారు," అని అత్తగారు నూకరత్నం వంటింట్లోంచి రెండుసార్లు పిలిచింది. భానుశ్రీ విశాఖపట్నం అని ఉన్న చోట నొక్కి, పకోడీల నూనె కాగిందేమో చూడటానికి వెళ్లింది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కించలేదు. ఆ సంగతే ఇప్పుడు అరగడం లేదు.

విశాఖ ఎండకు ఏం కావాలో లెక్క అదే ఇచ్చింది. గాలి ఆడటానికి గోడల నిండా చిల్లుల జాలీలు, పైన రేకు. తొంభై ఆరు మంది ఆడపిల్లలు ఏడాది పొడవునా హాయిగా ఉంటారని నివేదిక చెప్పింది. దేవీప్రసాద్‌కు శాలువా కప్పారు. హాస్టల్ ఇంటికి ఆరు కిలోమీటర్లు. ప్రారంభోత్సవం రోజు అత్తగారికి మోకాలు నొప్పి. తరవాత ఎప్పుడూ ఏదో ఒకటి. రెండేళ్లలో ఆమె ఒక్కసారీ వెళ్లలేదు.

పోయిన శుక్రవారం సంతలో, అల్లం అమ్మేవాళ్ల దగ్గర ఖాళీ గోనెలు ఏరుకుంటూ కనక కనిపించింది. కనక ఆ హాస్టల్లో వంట చేస్తుంది.

"ఇన్ని గోనెలెందుకు కనకా?"

"హాస్టల్ గోడలకమ్మా. ఎవులు కట్టినారో గాని గోడంతా బెజ్జాలెట్టీసినారు. గాలి ఇటెంపు దూరి అటెంపు పోతాది." కనక గోనె దులిపి, బాగుందా లేదా అని ఎత్తి చూసింది. "కట్టినోడు సముద్రం కాడ మనిషై ఉంటాడు. మన సలి ఎరగడు."

పక్కన అల్లం అమ్మే ఆవిడ నవ్వింది. భానుశ్రీ ఆ గోనెల్లో సగం చంకన పెట్టుకుని కనకతో ఆటో ఎక్కింది.

గోడలకు గోనెలు, చిరిగిన ఫ్లెక్సీలు, పాత దుప్పట్లు కట్టి ఉన్నాయి. పడక గదుల్లో మంచాలు ఖాళీ. పరుపులన్నీ వంటింట్లో గోడ వారన దొంతరగా ఉన్నాయి. చలికాలం పొయ్యి చుట్టూ పడుకుంటారట, పట్టినంత మంది. మోడల్లో రాత్రి ఎనిమిది తరవాత వంటింట్లో మనుషులు సున్నా అని వదిలేసింది భానుశ్రీ. సాఫ్ట్‌వేర్ తనంతట తానే వేసుకునే అంకె అది. వంటిల్లంటే వండి వెళ్లిపోయే చోటు. అలా వెళ్లిపోయే ఆడమనిషిని ఆమె తన ఇంట్లో ఎన్నడూ చూడలేదు. అయినా ఆ అంకె మార్చలేదు.

"సోనని ఒక గుంటుండేదమ్మా," అంది కనక. "ఎనిమిదో తరగతి. లెక్కలు బాగా సేసీది. పోయినేడు దగ్గట్టుకుంది, తగ్గలేదు. ఆల్ల నాయనొచ్చి తీసుకుపోనాడు. మల్లీ పంపలేదు."

"ఇప్పుడేం చేస్తోంది?"

"ఏటి సేత్తాది? కాఫీ పళ్లు కోతంది."

ఇవాళ కుక్కర్ ఆవిరి పోయేలోగా ఆమె భర్తతో ఆ మాట చెప్పేసింది. "పాత మోడల్ తప్పండి. ఊరు తప్పు. ఈ కొత్తదీ కొండ మీదే. అది కాపీ చేస్తే అక్కడ పిల్లలకీ అదే గోడ."

దేవీప్రసాద్ రెండో బూటు లేసు బిగించాడు. "కొత్తదానిలో ఏం మార్చుకుంటావో మార్చుకో. పాతది తప్పని మాత్రం రాయకు. ఆ తప్పు కింద ఎవరి పేరుందో తెలుసుగా? నాది."

"మొగుడి పేరు ఈదిలో ఎట్టీసి ఏటి బావుకుంతావే?" అంది నూకరత్నం, చిక్కుళ్ల పళ్లెం తన వైపు లాక్కుని. పదేళ్లలో ఆమె ఆ పళ్లెం అందుకోవడం భానుశ్రీ చూడలేదు. కోపంలోనే అయినా అందుకుంది.

అతను వెళ్లాక భానుశ్రీ నోట్‌బుక్ బల్ల మీద పెట్టుకుంది. ఉప్పు మరక ఉన్న పేజీలు, పసుపు వేలి ముద్రలు. ఆ అంకెలతో విశాఖ ఎండను నెల నెలా దించుకుంటూ వచ్చింది. వంటింట్లో రాత్రికి మనుషులను పెట్టి చూసింది, తీసి చూసింది. మధ్యాహ్నానికి జాలీలు పోయాయి, గోడ మందమైంది, రేకు కింద ఇంకో కప్పు వచ్చింది. మీట నొక్కితే కొత్త హాస్టల్లో తొంభై ఆరు మందీ ఎవరి మంచాల మీద వాళ్లు పడుకున్నారు. రెండేళ్ల కిందట ఒక పూట, పకోడీలు ఆపి కూర్చుంటే అయ్యే పని.

కొత్త నివేదిక ఇంజనీరుకు వెళ్లే ఉత్తరానికి తగిలించింది. పంపలేదు. దాంతో పాటు పంపడానికి పాత నివేదిక కూడా తెరిచింది. మొదటి పేజీలో మూడు వాక్యాలు రాసింది: 'ఇందులో వాడిన వాతావరణం అరకుది కాదు. నాకు ఆ రోజే తెలుసు. ఈ హాస్టల్ గోడల జాలీలు మూయించండి.' శాలువా కప్పిన రోజు ఆమె పేరేదని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. 'తయారు చేసినవారు' అని ఉన్న చోట దేవీప్రసాద్ పేరు కొట్టేసి, తన పేరు రాసింది.